ఇరుసు చల్లారేదాకా

వాలు కొలిచే డయలు ముల్లు మూడోసారి కూడా ఆరు దగ్గరే ఆగింది. అయినా చుక్కల మేస్త్రీకి నమ్మకం కుదరలేదు. జీపు కింద వెల్లకిలా పడుకున్నవాడు పడుకున్నట్టే డయలును తీసి, చొక్కా అంచుతో దాని అడుగు తుడిచి, ఇరుసు చివర చక్రం తిరిగే ఇనప మెడ మీద మళ్ళీ ఆనించాడు. ముల్లు అటూ ఇటూ ఊగి, ఇక చాల్లే అన్నట్టు ఆరు డిగ్రీల దగ్గర నిలబడింది.

"ఎంతరా?" పైన సీట్లోంచి బావ అడిగాడు.

"ఆరే."

"ఇందాకా ఆరేగా?"

"ఆరే బావా."

"మరి మారలేదని సంతోషమా, మారలేదని బెంగా?"

స్టీరింగు ముందు కూర్చున్న పశువుల డాక్టరమ్మ పకపకా నవ్వింది. జీపు ఊగింది. ముల్లు చెదిరింది.

"నవ్వకండి డాక్టరమ్మా, ఇక్కడ లెక్క పాడవుతోంది" అన్నాడు చుక్కల మేస్త్రీ కింద నుంచి.

ఆ షెడ్డులో అదొక పద్ధతి. ఇరుసు మార్చిన ఏ బండికైనా ఆఖరి కొలత తీసేటప్పుడు ఆ బండిలో తిరగబోయే మనుషులూ సామానూ అందులో ఉండి తీరాలి. ఫోనులో మీ బరువెంత అని అడిగితే డాక్టరమ్మ కస్సుమంది. చెప్పేది లేదు, కావాలంటే నేనే వచ్చి కూర్చుంటానంది. మాకు కావలసిందీ అదేనన్నాడు బావ. పొద్దున్నే అరువు స్కూటరు మీద దిగింది. మందుల ఐసు పెట్టెలు నాలుగు, అదనపు టైర్లు రెండు వెనకాల సర్దారు. అప్పుడప్పుడు కొండ మీద నుంచి కిందికి దింపాల్సి వచ్చే జబ్బు దూడకు బదులు మూడు ఇసుక బస్తాలు వేశారు. అవి కూడా మధ్యలో కాదు, ఎడం పక్కకు. దూడన్నాక బుద్ధిగా మధ్యలో కూర్చోదని బావ వాదన. కాంపౌండరు సీట్లో తానే ఎక్కి కూర్చున్నాడు. పోయిన ఏడాది ఉన్న ఒళ్ళు ఇప్పుడు లేదు ఆయనకు, కాంపౌండరు బరువుకు సరిపోవడానికి ఒళ్ళో సుత్తి పెట్టుకోవలసి వచ్చింది.

రేపు తెల్లవారేసరికి ఈ బండి కొండెక్కాలి. పైన మందల్లో గాలికుంటు జబ్బు మొదలైంది. నాలుగు రోజుల్లో వానలు పడితే దారి మూసుకుపోతుంది, మళ్ళీ మూడు నెలలకు గానీ తెరుచుకోదు. ఆ దారి బండలూ గుంతలూ తప్ప ఇంకేమీ కాదు. కంపెనీ నుంచి వచ్చినప్పుడు ఈ జీపుకు ముందు చక్రాలు దేనికది విడిగా ఊగేవి. తారురోడ్డు మీద హాయిగానే ఉండేది గానీ, బండల మీద చక్రాలకు బలాన్నిచ్చే సన్నటి కడ్డీలు పుటుక్కున తెగేవి. ఈ ఏడాదే మూడుసార్లు తెగాయి. మూడోసారి డాక్టరమ్మ ఐసు పెట్టె నెత్తిన పెట్టుకుని తొమ్మిది మైళ్ళు నడిచింది. షెడ్డుకొచ్చి, "మేస్త్రీగారూ, నాకు సుఖం వద్దు, పైకి చేరితే చాలు" అంది.

అందుకే ఆ నాజూకు సరంజామా అంతా కోసి అవతల పారేశారు. పాత లారీ ఒకదాని నుంచి తీసిన ఒకే ఒక్క మొద్దు ఇరుసును ఈ చక్రం నుంచి ఆ చక్రం దాకా అడ్డంగా దూర్చారు. దానికీ, బండి అడుగు చట్రమైన చాసీకీ మధ్య బరువుకు వంగి లేచే కమాను కట్టలు. కమాన్లు కూర్చోవడానికి ఇరుసు మీద రెండు ఇనప పీటలు. మూడు వారాల పని. ఇక మిగిలింది ఆ రెండు పీటల్నీ ఇరుసుకు పూర్తిగా వెల్డింగు చేయడమే. ప్రస్తుతానికి అవి చెరో నాలుగు చుక్కల మీద నిలబడి ఉన్నాయి.

ఆ చుక్కలు పెట్టింది చుక్కల మేస్త్రీ. ఆయన పేరు వెనక కథ కూడా అదే. ఏ పని వచ్చినా కోసేదీ, అరగదీసేదీ, సరిచూసేదీ, వెల్డింగు మంటతో అక్కడక్కడా చుక్కపెట్టి నిలబెట్టేదీ ఆయనే. అక్కడితో చేతులు తుడుచుకుని పక్కకు తప్పుకుంటాడు. చుక్కల్ని కలిపి కుట్టు నింపేది బావ. ఇరవై మూడేళ్ళుగా ఇదే వరస. కొత్తగా వచ్చినవాళ్ళు ఇదేదో పెద్దాయనకు ఇచ్చే మర్యాద అనుకునేవారు. అది భయం. ఆ సంగతి ఆయనకూ, బావకూ, అక్కకూ తెలుసు, ముగ్గురూ ఎన్నడూ నోరు విప్పలేదు.

అక్కా బావల ఇంటికి పరీక్ష తప్పిన వేసవిలో రెండు నెలలుందామని వచ్చినవాడు ఆయన. అప్పుడు పంతొమ్మిదేళ్ళు. షెడ్డులో ఊరికే కూర్చోవడం ఎందుకని పానాలు అందించాడు. తర్వాత బోల్టులు విప్పాడు. ఏడాది తిరిగేసరికి బావ కంటే బాగా కొలిచేవాడు. ఇరవై ఏడో ఏట పెళ్ళి కూడా కుదిరింది. ఆ అమ్మాయి ఒకసారి షెడ్డు ముందు నుంచి పోతూ, మొహం నిండా మసితో ఉన్న ఇతన్ని గుర్తుపట్టలేక ఇతన్నే దారి అడిగింది. తర్వాత తెలిసి ఇద్దరూ పడీపడీ నవ్వుకున్నారు.

ఆ నెలలోనే దుంగలు లాగే బండి ఒకటి వచ్చింది. దానికీ ఇలాగే ముందు ఇరుసు వేయాలి. సైకిలు ముందు ఫోర్కు కాస్త వాలుగా ఉంటుంది గనకే చేతులు వదిలేసినా తిన్నగా పోతుంది. బండి ముందు చక్రాలకూ ఆ వాలు కావాలి. అది లేకపోతే స్టీరింగు తిప్పిన చోటే ఉండిపోతుంది, వెనక్కి రాదు. ఆ వాలంతా పీటల్ని ఇరుసు మీద ఏ కోణంలో అతికించామన్న దాని మీదే ఉంటుంది. అతను శ్రద్ధగానే కొలిచాడు. ఆరు డిగ్రీలు. చెయ్యి తిరిగిన పనివాడినన్న ధీమాతో ఒక్క ఊపున కుట్టంతా తనే నింపేశాడు. అయితే కొలిచిన రోజున బండిలో ఇంజను లేదు. బాగుచేయడానికి దింపి అవతల బల్ల మీద పెట్టారు. ఇంజను ఎక్కించాక ముక్కు కిందికి కుంగింది, కమాన్లు చదునయ్యాయి, ఇరుసు ముందుకు తిరిగింది, ఆరు కాస్తా ఒకటైంది. మళ్ళీ కొలవాలని అతనికి తోచలేదు. బండిని పరీక్షించడానికి బావ తీసుకెళ్ళాడు. దిగుడు మలుపులో స్టీరింగు వెనక్కి రాలేదు.

ఆసుపత్రిలో, నుజ్జయిన ఎడమ మోకాలికి కట్టు కట్టాక, బావ ఒక్కటే మాట అన్నాడు. "ఇంజను లేకుండా కొలిచావురా."

అంతే. తిట్టలేదు. మళ్ళీ ఆ ఊసే ఎత్తలేదు. తిడితే బావుండునని అతను ఎన్నోసార్లు అనుకున్నాడు. పెళ్ళివాళ్ళకు తనే వెళ్ళి వద్దని చెప్పి వచ్చాడు, కుంటి బావను ఒంటరిగా షెడ్డులో వదిలి వేరు కాపురం పెట్టలేనన్నాడు. అక్క ఏడ్చింది, బావ అరిచాడు, అతను చెవిన వేసుకోలేదు. షెడ్డు వెనక గదిలో మంచం వేసుకున్నాడు. అక్కడే ఓ రేడియో, గోడకు రెండు చొక్కాలు, కిటికీలో ఓ అద్దం. ఆ అమ్మాయి భర్త స్కూటరు చెడితే ఇప్పటికీ ఈ షెడ్డుకే తెస్తాడు. ఆ స్కూటరుకు బ్రేకులు ఇతను కాస్త ఎక్కువ శ్రద్ధగా బిగిస్తాడు, అంతకుమించి ఏమీ లేదు.

"దిగమంటావా, ఇక్కడే కాపురం పెట్టమంటావా?" పైనుంచి బావ గొంతు.

"ఒక్క నిమిషం. కర్ర ఇవ్వు."

బావ చేతికర్ర కిటికీలోంచి కిందికి వచ్చింది. పాత పార పిడిని చెక్కి, ఆసుపత్రి నుంచి వచ్చిన వారంలో అతనే చేసిన కర్ర అది. పట్టు దగ్గర కరెంటువాళ్ళ నల్ల టేపు చుట్టి ఉంటుంది. అడుగున పాత షాకబ్జరు రబ్బరు. ఎడమవైపే బరువు పడీ పడీ ఆ రబ్బరు ఒక పక్కకు అరిగిపోయింది. కర్ర పొడవునా ఆకురాయితో కోసిన మూడు గీతలు. అవి బావ కోసినవి, బరువు వేసిన బండికి ఇరుసుకూ చాసీకీ మధ్య ఉండాల్సిన ఎత్తులు. మూడోది కొండదారి బండ్లకు. టేపులు పోతాయి, కర్రయితే నాతోనే ఉంటుందనేవాడు.

కర్రను ఇరుసు మీద నిలబెట్టాడు. మూడో గీత చాసీ అంచుకు వెంట్రుకవాసి కూడా తేడా లేకుండా ఆనింది.

బావ దిగాడు. ఒక చెయ్యి జీపు మీద వేసి, నెమ్మదిగా వంగి, తనూ చూశాడు. జేబులోంచి సుద్దముక్క తీసి మూడో గీత పక్కన చిన్న అడ్డగీత పెట్టాడు. ఆ పెట్టడంలో వేళ్ళు వణికాయి. ఎనిమిది నెలలుగా వణుకుతున్నాయి. వెల్డింగు రాడ్డు పట్టుకుంటే ఇనుముకు అతుక్కుపోతోంది. గుండె డాక్టరు మెట్లెక్కవద్దన్నాడు, మంట ముందు కూర్చోవద్దన్నాడు. అన్నీ తెలిసి కూడా ఈ పని ఎందుకు ఒప్పుకున్నాడో చుక్కల మేస్త్రీకి మూడు వారాలుగా అర్థం కాలేదు. అర్థమయిందని ఒప్పుకోవడానికి ధైర్యం చాల్లేదు అంటే ఇంకా నిజం.

"కుట్టేవాణ్ణి పిలిపించావా?" అని అడిగాడు.

"పిలిపించాను. ముప్పయ్యేళ్ళ కిందటే వచ్చి ఇక్కడే ఉన్నాడు."

"బావా..."

"కొలిచావు కదా? ఇంజను ఉందా లేదా?"

"ఉంది."

"డాక్టరమ్మ ఉందా?"

"నేను ఉన్నానండీ" అంది డాక్టరమ్మ, విషయమేమిటో తెలియకుండానే.

"మరింకేం? ముందు ఎడమ, తర్వాత కుడి, తర్వాత ముందు, తర్వాత వెనక. ఒక్కో కుట్టూ రెండంగుళాలు దాటనివ్వకు. మొదలుపెట్టాక ఆపకు. సగంలో పూర్తిగా చల్లారనిస్తే ఇరుసు ఓ పక్కకు లాగేస్తుంది." కర్రను అతని చేతిలోనే వదిలేశాడు. "ఇది ఇక్కడే ఉంచు. బండి మళ్ళీ చక్రాల మీదికి దించాక కొలవాలి."

"నువ్వెలా వెళ్తావు?"

"ఇల్లు సముద్రం అవతల ఉందా ఏంటి?"

ఇల్లు ఇదే వరసలో నాలుగోది. బావ గోడ పట్టుకుని, ఒక్కో అడుగూ వేసుకుంటూ వెళ్ళాడు. గోడ లేని చోట, రెండిళ్ళ మధ్య సందు దగ్గర, ఒక్క క్షణం ఆగి, చెయ్యి గాల్లో చాచి దాటాడు. చుక్కల మేస్త్రీ షెడ్డు గుమ్మంలో నిలబడి తలుపు మూసుకునేదాకా చూశాడు. డాక్టరమ్మ రేపు అయిదింటికి వస్తానని చెప్పి స్కూటరు తీసింది.

మధ్యాహ్నానికి ఇరుసు దించి రెండు స్టాండ్ల మీద పడుకోబెట్టాడు. పీటల అంచులు తెల్లగా మెరిసేదాకా గ్రైండరు పట్టాడు. అక్క పంపిన క్యారియరు తెరిచి, రెండు ముద్దలు తిని మూసేశాడు. రాడ్లు ఆరబెట్టాడు. తుడిచిన చోటే మళ్ళీ తుడిచాడు. గోడ మీది గడియారం రెండు కొట్టింది. ఇంక తుడవడానికి ఏమీ మిగల్లేదు.

మొహానికి వెల్డింగు అద్దం దించుకున్నాడు. లోకమంతా నల్లగా అయిపోయింది. చేతిలో రాడ్డు వణికింది. ఇది బావ వణుకు కాదు, తనది, ఇరవై మూడేళ్ళది. దిగుడు మలుపూ, నుజ్జయిన మోకాలూ కళ్ళ ముందు తిరిగాయి. ఇంజను ఉంది, అనుకున్నాడు. డాక్టరమ్మ ఉంది. దూడ కూడా ఉంది. రాడ్డు ఇనుముకు తగిలించాడు.

మొదటి కుట్టు వంకరగా వచ్చింది. సుత్తితో కుట్టు మీద పేరుకున్న పొక్కు రాలగొట్టి చూసి, గ్రైండరుతో తీసేసి మళ్ళీ వేశాడు. ఈసారి నిలిచింది. అలాంటివి పదహారు. ఒక్కోదాని తర్వాత, ఇరుసు మీద చెయ్యి వెనక వైపు ఆనించి ఓర్చుకోగలిగేదాకా ఆగాలి. పది నిమిషాలు పట్టేది. మూడోదానికి వణుకు తగ్గింది. అయిదోదానికి కరిగిన ఇనుము తన మాట వింటోందని తెలిసింది. ఇంత కాలం ఎక్కడ దాగిందో గానీ చేతిలోని పని చెక్కుచెదరలేదు. అద్దం లోపల అతనికి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

ఏడో కుట్టు ముగించి అద్దం పైకెత్తేసరికి అక్క గుమ్మంలో నిలబడి ఉంది.

"టీ తెచ్చావా?"

"లేదు." అక్క లోపలికొచ్చి ముక్కాలిపీట మీద కూర్చుంది. కాళ్ళకు చెప్పులు లేవు. "ఇంకెన్ని?"

"తొమ్మిది. బావేం చేస్తున్నాడు?"

"పడుకున్నారు."

"తిన్నాడా?"

"ఊఁ. నువ్వు కానీ."

తనకు భయం వేస్తుందేమోనని కాపలా కూర్చోవడానికి వచ్చిందనుకున్నాడు. కాస్త సిగ్గేసింది, కాస్త బలమూ వచ్చింది. ఎనిమిదోది వేశాడు. తొమ్మిదోది వేశాడు. ఎప్పుడూ నోరు ఊరుకోని అక్క, ఇనుము చల్లారే ఆ పది నిమిషాలూ ఒక్క మాటా ఆడలేదు. చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ, ఇరుసు వంకే చూస్తోంది. వెలుగు చూడకు, కళ్ళు పోతాయంటే మొహం పక్కకు తిప్పుకుంది. తిప్పిన మొహం చాలాసేపు అటే ఉంచింది.

పదకొండో కుట్టు తర్వాత పక్కింటావిడ గుమ్మం దగ్గరకు వచ్చింది. ఏదో అనబోయింది. అక్క లేవకుండానే చెయ్యి ఊపి పంపేసింది.

"ఏమిటట?"

"ఏం లేదు. గ్యాసు బండ వచ్చిందట. ఎన్నయ్యాయి?"

"పదకొండు. అక్కా, బావకి చెప్పు, కుట్టు నీళ్ళలా పోతోందని."

అక్క తలూపింది. ఆ తలూపడంలో ఏదో తేడా ఉంది. కానీ ఇరుసు చెయ్యి ఓర్చుకోగలిగిన వేడికి వచ్చేసింది, ఆగకూడదు. అద్దం దించాడు. పన్నెండు. పదమూడు. పద్నాలుగుకు మెడ పట్టేసింది, మోకాళ్ళ కింద గోనెపట్టా జారిపోయింది, సర్దుకోలేదు. పదిహేను. గుమ్మంలోంచి వచ్చే ఎండ పొడుగై అక్క పాదాల దాకా పాకింది. పదహారు.

పొక్కు రాలగొట్టాడు. చీమలబారులాగా సన్నగా, ఒకేలా, కుట్టు మెరిసింది. రెండు కొసల మధ్య దారం లాగి చూశాడు. ఇరుసు వంగలేదు. డయలు ఆనించాడు. పొద్దున రాసుకున్న లెక్కకూ దీనికీ తేడా లేదు. గోనెపట్టాలు మూడు తెచ్చి ఇరుసును చుట్టాడు. గాలికి గబుక్కున చల్లారితే కుట్టు పగులుతుంది, మెల్లగా చల్లారాలి.

"అయిపోయిందా?" అంది అక్క.

"అయిపోయింది. ఇంటికి పోయి నేనే చెప్తాను బావకి. ఏమంటాడో చూడాలి."

అక్క లేచింది. దగ్గరకొచ్చి, మసి పట్టిన అతని రెండు చేతులూ పట్టుకుంది.

"బావ లేడురా."

అతనికి మొదట అర్థం కాలేదు. ఇంట్లో లేడేమో అనుకున్నాడు. తర్వాత ఆమె పాదాలు చూశాడు, చెప్పులు లేని పాదాలు, మొహం చూశాడు.

"ఎప్పుడు?"

"మూడు కాకముందే. పడుకున్నవారు పడుకున్నట్టే. డాక్టరు వచ్చి చూసి వెళ్ళాడు. పక్కింటివాళ్ళు దగ్గరున్నారు."

"మూడా?" అతను చేతులు విదిలించుకోబోయాడు. "ఇంతసేపూ ఇక్కడ కూర్చుని... చెప్పాలిగా అక్కా! చెప్పాలిగా!"

"చెబుదామనే పరిగెత్తుకుంటూ వచ్చాను. గుమ్మంలోకి వచ్చేసరికి నువ్వు కుడుతున్నావు." అక్క ఏడవలేదు, చేతులు వదలనూ లేదు. "పొద్దున ఇంటికొచ్చి మంచమెక్కుతూ ఒకటే మాట. వాడు ఇవాళ మొదలెడతాడే, మధ్యలో ఎవర్నీ పోనివ్వకు అని. నీకు చెబితే ఆపేవాడివి. ఇరుసు వంగేది. ఇరుసు పోతే పోయింది, ఇంకోటి దొరుకుతుంది. నువ్వు మళ్ళీ రాడ్డు ముట్టుకునేవాడివా?"

ముట్టుకునేవాడు కాదు. అక్కకు తెలుసు, బావకూ తెలుసు. ఇరవై మూడేళ్ళు వెనకేసుకొచ్చిన మనిషికి కుట్టు చూపించుకోలేకపోయానే అన్న బాధ ఒక్కసారిగా తన్నుకొచ్చింది. ముక్కాలిపీట మీద కూలబడి, పసివాడిలా, వెక్కి వెక్కి ఏడ్చాడు. అక్క అతని తల పొట్టకు ఆనించుకుని నిలబడింది.

కాసేపటికి లేచాడు. మిషను స్విచ్చి ఆపాడు. అద్దం మేకుకు తగిలించాడు. కుళాయి కింద చేతులు కడుక్కుని, తడి చేతులతోనే గోనెపట్టా మీద ఒకసారి తడిమాడు. లోపల ఇంకా వేడిగా ఉంది.

"డాక్టరమ్మ తెల్లారి అయిదింటికి వస్తుంది" అన్నాడు.

"రానీ. అక్కడి పనులు చూసుకుని, చల్లారాక వచ్చి బిగించు. నేను పానాలు అందిస్తాను."

"నువ్వా?"

"ఏం, నాకు పానా తెలియదా? పెళ్ళయిన కొత్తలో నీకంటే ముందు ఆయనకు అందించింది నేనేరా."

గుమ్మం దగ్గర అక్క ఆగింది. గోడకు ఆనించి ఉన్న చేతికర్రను చూసింది.

"తీసుకెళ్దామా? ఆయనది."

"ఉండనీ" అన్నాడు. "బండి దించాక కొలవాలి."

ఇద్దరూ బయటికి నడిచారు. అక్క చెయ్యి పట్టుకుని ముందు సందు దాటించాడు, తర్వాత ఇంటి దాకా వదల్లేదు. వెనక షెడ్డులో, గోనెపట్టాల్లో చల్లారుతున్న ఇరుసు పక్కన, ఒక వైపే అరిగిన రబ్బరు మీద కర్ర నిలబడి ఉంది. మూడో గీత పక్కన పొద్దున పెట్టిన సుద్ద గుర్తు, కాస్త వణికిన గుర్తు, ఇంకా చెరగలేదు.